ఇరవై ఆరు డిగ్రీలు

పై వాటా ఆమె ఇస్త్రీ ఆమెతో అన్నదట, ఇస్త్రీ ఆమె వెళ్లి చిటపటమ్మ ఆడపడుచు చెవిలో వేసిందట: "కింది వాటావిడ మొగుడి ముందు తిరుగుతున్న ఫ్యాను పీక్కుని, చంకలో పెట్టుకుని ఆస్పత్రికి పట్టుకుపోయింది. ఎవరికనుకున్నావు? చేపలకు! నీళ్లలో ఉండేవాటికి ఉక్కపోతేమిటి, విడ్డూరం కాకపోతే!" ఆ మాట మూడు వీధులు దాటి ఆడపడుచు గుమ్మం చేరేసరికి ఒక ఫ్యాను రెండయింది. తడి తువ్వాలు కప్పుకుని కూర్చున్న మొగుడు కాస్తా స్పృహ తప్పి పడిపోయిన మొగుడయ్యాడు. ఆడపడుచు గుండెలు బాదుకుంటూ తెల్లారేసరికల్లా వచ్చి తలుపు తట్టింది.

తలుపు తీసింది ఆ పడిపోయిన అన్నే. నోట్లో బ్రష్షు, భుజాన తడి తువ్వాలు.

"బాగానే ఉన్నావా అన్నయ్యా?"

"ఏంటీ?" అన్నాడాయన. ముప్పై ఏళ్లు అచ్చాఫీసులో యంత్రం పక్కన నిలబడి, ఉద్యోగంతో పాటు చెవుల్ని కూడా అక్కడే వదిలేసి వచ్చిన మనిషి.

"బాగున్నావా అంటున్నా!"

"ఇంత పొద్దున్నే ఆ మాట అడగడానికి వచ్చావా?"

వంటగదిలో చిటపటమ్మ ఫ్రిజ్ లోకి సగం దూరి ఉంది. బయటి మాటలు వినపడుతూనే ఉన్నాయి గానీ చేతుల్లో పని ఆగలేదు. పై అరలో పద్నాలుగు సీసాలు. కూల్‌డ్రింకు సీసాలు, రెండేసి లీటర్లవి. పై కాయితం ఊడబెరికి, జిగురు గోళ్లతో గీకి, మూడొంతులు నీళ్లు పోసి, మూత బిగించి పెట్టినవి. నిండా పోస్తే గడ్డకట్టేటప్పుడు సీసా పగులుతుంది, పగిలితే కుళాయి నీళ్లు చేపల తొట్టిలో కలుస్తాయి. ఎనిమిది రోజులుగా ఆ ఇంట్లో ఫ్రిజ్ ఆ సీసాలదే. ఇంటివాళ్ల పాలు పక్కింట్లో తలదాచుకుంటున్నాయి. ఆమె ఒక్కో సీసానూ పాత పేపర్లో చుట్టి, అన్నిటినీ కలిపి దుప్పట్లో మూటగట్టి, సంచిలోకి దించింది. వేళ్లు మొద్దుబారాయి. నుదుటిమీద నుంచి చెమట కారి పైపెదవి మీద పడింది. చేతులు చలికాలంలో, మొహం ఎండాకాలంలో.

"వదినా, లోకం ఏమనుకుంటుందో ఆలోచించావా?" అంటూ ఆడపడుచు గుమ్మంలో నిలబడింది.

"లోకాన్ని వచ్చి ఈ ఫ్రిజ్ లో కూర్చోమను. చోటు ఇప్పుడే ఖాళీ అయింది."

"వెటకారం కాదు వదినా. ఈ ఎండల్లో మా అన్నయ్యకు గాలి లేకుండా చేసి..."

చిటపటమ్మ నిటారుగా లేచింది. ఆమెకు ఆ పేరు పెట్టింది మొగుడే, పెళ్లైన నెలకే. పెట్టిన రోజు నుంచి వీధంతా అదే పేరు వాడుకుంటోంది. అసలు పేరు రేషన్ కార్డుకే పరిమితమైపోయింది. ఆమె కోపం పొయ్యి మీద పెట్టిన పెనం లాంటిది, ఎవరు ఏ చుక్క వేసినా చుయ్యిమంటుంది. ఈ ఎనిమిది రోజుల్లో ఆ పెనం దించింది లేదు.

"ఫ్యాను ఇచ్చింది నేనేనే!" అని అటునుంచి మొగుడు అరిచాడు. ఆయనకు వినపడకపోయినా చెల్లెలి మొహం చూసి సంగతి అర్థమైపోయింది. "నేనే ఇచ్చా. అది తిరుగుతోందో లేదో నాకెలాగూ వినపడదు. ఒక్క వారమే కదా!"

ఆడపడుచు ఏదో అనబోయింది. చిటపటమ్మ సంచి భుజానికెత్తుకుని ఆమె పక్కనుంచి దూసుకుపోయింది. "పై వాటా ఆమెతో చెప్పు, మొగుణ్ని కూడా రేపు పట్టుకెళ్తున్నానని. ఆయన్ని చేపల్లో వేస్తా" అంది గుమ్మం మెట్లు దిగుతూ.

బస్సులో సంచి అడుగునుంచి నీళ్లు కారి ఒకాయన బూట్ల మీద పడ్డాయి. "ఏంటమ్మా ఇది?" అన్నాడు. "చలి. కావాలంటే కాసేపు కాళ్లు పెట్టుకో" అంది. ఆయన నిజంగానే బూట్లు సంచికి ఆనించి కూర్చున్నాడు. పొద్దున్నే బస్సు రేకులు వేడెక్కి ఉన్నాయి. కిటికీ కమ్మీ పట్టుకున్నవాళ్లు పట్టుకున్నట్టే వదిలేస్తున్నారు.

ఆమె పనిచేసేది మూడంతస్తుల పళ్ల ఆస్పత్రి. బుగ్గ వాచి వచ్చేవాళ్లు, బుగ్గ మీద చెయ్యి వేసుకుని వెళ్లేవాళ్లు. కింది హాల్లో కుర్చీలకు ఎదురుగా నాలుగడుగుల గాజు తొట్టి ఉంది. మామూలు చేపల తొట్టి కాదు, అందులో ఉప్పు నీళ్లు. రాళ్ల మీద పగడాలు పెరుగుతుంటాయి. కొన్ని వేళ్లలా ఊగుతాయి, కొన్ని మడతలు పడి నిద్రపోతున్నట్టుంటాయి. నారింజ రంగు మీద తెల్ల పట్టీల జోకరు చేపలు ఒక జంట, ఎప్పుడూ అద్దానికి మూతి ఆనించి నిలబడే నీలం చేప ఒకటి. లోపల కుర్చీలో డ్రిల్లు గుర్రుమంటుంటే బయట కూర్చున్న జనం ఈ తొట్టిలోకి చూస్తూ గుండె చిక్కబట్టుకుంటారు. పన్ను పీకించుకోవడానికి వచ్చిన ఒక ముసలాయన అయితే చేపల్ని చూస్తూ కూర్చుని తన నంబరు పోగొట్టుకుని, హాయిగా ఇంటికెళ్లిపోయాడు.

ఆస్పత్రి కాయితాల్లో చిటపటమ్మ నేల తుడిచే మనిషి. ఆ పని చేస్తూనే ఉంది కూడా. తొట్టి మాత్రం దానంతటది ఆమె చేతికొచ్చింది. మొదట్లో వారానికోసారి తొట్లు బాగుచేసే ముసలాయన వచ్చి చూసుకునేవాడు. ఒంటరి మనిషి కావడంతో పక్కన గుడ్డ పిండుకుంటున్న ఆమెతోనే అన్నీ చెప్పుకునేవాడు. ఆస్పత్రివాళ్లు ఆయన్ని మాన్పించినప్పుడు చేతిరాత కాయితాలు ఒక కట్ట ఆమె చేతిలో పెట్టి, "నీకే తెలుసు ఇక" అని వెళ్లిపోయాడు. ఆ కాయితాలు అప్పట్లో బళ్లో చదువుతున్న కూతురు సాయంత్రాలు చదివి పెట్టేది. కూతురు ఉద్యోగానికి వేరే ఊరు పోయింది. కాయితాలు మాత్రం అమ్మకు నోటికొచ్చేశాయి.

పదకొండేళ్లు. నీళ్లు ఇరవై ఆరు డిగ్రీల దగ్గర ఉండాలి. ఇరవై ఎనిమిది దాటితే పగడాలు అలిసిపోతాయి. ముప్పై దాటితే చచ్చే దారి పట్టినట్టే. ఎక్కువ వేడీ చంపుతుంది, ఒక్కసారిగా వచ్చే చల్లదనమూ చంపుతుంది. దించితే గంటకు ఒక డిగ్రీ, అంతకు మించకూడదు. ఆవిరైపోయిన నీళ్లకు బదులు పోసేది మంచి నీళ్లే గానీ ఉప్పు నీళ్లు కాదు. "కూర మరిగితే నీళ్లు పోతాయి, ఉప్పు పోతుందా?" అని కౌంటరు పిల్లకు ఆమె వంటింటి లెక్కలో చెప్పింది. ఎంతవరకు పోయాలో తెలియడానికి ఆ పిల్ల దగ్గర గోళ్ల రంగు అడిగి తీసుకుని అద్దం మీద ఎర్ర గీత గీసింది.

తొట్టి మధ్యలో ఒక పగడం ఉంది, జింక కొమ్ముల్లా కొమ్మలు కొమ్మలుగా. మొదలు గోధుమ రంగు, కొసలు వంగపండు రంగు. ముసలాయన తెచ్చినప్పుడు అది ఆమె బొటనవేలంత. రాయికి జిగురుతో అంటించారు. ఇప్పుడు రెండు జానల మేర విస్తరించింది. ఆమె దాన్ని కొమ్ములోడు అంటుంది. పగడం అంటే రాయి కాదని, దాని కొమ్మల మీద కప్పుకున్న పల్చటి తోలంతా ప్రాణమేనని, లోపలి రాయిని అదే కాస్త కాస్తగా కట్టుకుంటుందని ఆ ఆస్పత్రిలో తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. పది మందికి చెప్పింది. పది మందీ "అవునా!" అని, చెయ్యి బుగ్గకు ఆనించుకుని లోపలికెళ్లారు.

ఎనిమిది రోజుల కింద నీళ్లు చల్లబరిచే చిల్లరు కాలిపోయింది. మేనేజరు వచ్చి చూసి, "ఏంటమ్మా, చేపలకు జ్వరమా?" అని తన జోకుకు తనే నవ్వుకున్నాడు. మెకానిక్కు వచ్చి లోపలి ముక్క తెప్పించాలన్నాడు. తెప్పిస్తూనే ఉన్నాడు. సాయంత్రం ఆస్పత్రి మూసేశాక ఏసీ ఆపేస్తారు. అప్పటినుంచి తెల్లారేదాకా తొట్టి వేడెక్కుతూనే ఉంటుంది. అందుకే ఆ ఇంటి ఫ్యాను. నీళ్ల మీద గాలి ఆడితే ఆవిరి లేస్తుంది, లేచే ఆవిరి వేడిని పట్టుకుపోతుంది. అందుకే ఆ సీసాలు. కింద బీరువాలో మరుగున ఉన్న చిన్న తొట్టిలోకి నీళ్లు దిగుతాయి, అక్కడినుంచి పంపు మళ్లీ పైకి తోస్తుంది. గంటకు రెండు సీసాలు ఆ కింది తొట్టిలో వేస్తే డిగ్రీ కంటే తక్కువే దిగుతుంది. కరిగిన సీసాలు తీసి, మూడో అంతస్తులో ఎక్స్‌రే నర్సు ఫ్రిజ్ లో మళ్లీ గడ్డకట్టించాలి.

రేపు పొద్దున పదింటికి ముక్క వస్తుందని మెకానిక్కు ఒట్టేసి చెప్పాడు. అంటే ఇంకొక్క పగలు, ఒక రాత్రి. ఆమె గుడ్డ బకెట్టు పక్కన పెట్టి చూసేసరికి కొలత గొట్టంలో ఇరవై ఏడున్నర ఉంది. కొమ్ములోడి కొసల్లో రంగు వారం కింద ఉన్నంత లేదు. అయినా తోలు గట్టిగానే పట్టుకుని ఉంది. "ఇంకొక్క రోజు ఓర్చుకోరా" అంది. కౌంటరు పిల్ల కంప్యూటరు తెరుస్తూ నవ్వింది. "నవ్వకు, నీకూ చెప్తున్నా. చల్లదనం పోకుండా హాలు తలుపు మూసి ఉంచు."

పదకొండింటికి షూటింగు వాళ్లు దిగారు.

ఆస్పత్రి నడిపే చిన్న డాక్టరు దానికి ప్రకటన తీయిస్తున్నాడని ఎవరికీ ముందు చెప్పలేదు, మేనేజరుకు తప్ప. నల్ల కళ్లద్దాలాయన ఒకడు హాలంతా వేళ్ల సందులోంచి చూసి, తొట్టి ముందు ఆగిపోయాడు. "ఇదే! అమ్మాయి ఇక్కడ నిలబడి నవ్వాలి. వెనక సముద్రం!" అన్నాడు. నాలుగు పెద్ద దీపాలు కాళ్ల మీద నిలబడ్డాయి. వాటిని వెలిగిస్తే ఆరడుగుల దూరంలో నిలబడ్డ చిటపటమ్మ మోచేతికి సెగ తగిలింది.

"ఆ ఫ్యాను తీసెయ్యండి. టీ కొట్టులా ఉంది" అన్నాడు కళ్లద్దాలాయన.

"ఫ్యాను తీస్తే కుదరదు" అంది చిటపటమ్మ.

అక్కడ అంతమంది ఉన్నారు, ఒక్కరూ ఆమె వైపు తిరగలేదు. కళ్లద్దాలాయన చెవి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఆ ఏసీ హోరు కూడా మైకులో పడుతోంది. ఆపించండి."

"సార్!" ఆమె మేనేజరుకు అడ్డంగా నిలబడింది. "ఫ్యానూ తీసి, ఏసీ కూడా ఆపి, ఈ దీపాలు పెడితే గంటలో నీళ్లు కాగుతాయి. ఎనిమిది రోజులు కాపాడా. రేపొక్క పొద్దు దాకా ఆగమనండి."

"పది నిమిషాలమ్మా."

"ఎవరి పది నిమిషాలు?"

"నా పది నిమిషాలు! నా మాట మీద నమ్మకం లేదా?" మేనేజరు గొంతు తగ్గించాడు. "చూడు, చిన్న డాక్టరు గారి ముందు నన్ను అల్లరి చెయ్యకు. మూడో అంతస్తులో పైపు కారి నేలంతా నీళ్లు. వెళ్లి తుడిచి రా. ఇక్కడే నిలబడతానంటే మాత్రం రేపటినుంచి గేటు బయటే నిలబడాల్సి వస్తుంది."

ఆ మాటతో ఆమె మొహం నల్లబడింది. గేటు బయట నిలబడితే రేపు పదింటికి మెకానిక్కు వచ్చేదాకా సీసా వేసే దిక్కెవరు? ఆమెను మెట్లెక్కించింది ఆ ఒక్క లెక్కే. ఎక్కేముందు కౌంటరు మీదికి వంగి, "కొలత మీద కన్నేసి ఉంచు. పది నిమిషాలకోసారి పైకి ఫోన్ చెయ్యి" అని కౌంటరు పిల్లకు అప్పగించింది.

మూడో అంతస్తులో పైపు నిజంగానే కారుతోంది. ఆమె తుడిచింది. గుడ్డను పీక పిసికినట్టు పిండింది. ఫోన్ మోగింది. "పిన్నీ, ఇరవై ఎనిమిది." తుడిచింది. "ఇరవై ఎనిమిదీ ఆరు." మేనేజరు పది నిమిషాలు అప్పటికి మూడుసార్లు అయిపోయాయి. "పిన్నీ, ఇరవై తొమ్మిదిన్నర. తొట్టి మీద మూత కూడా పెట్టించారు, నీళ్ల మెరుపు ఆ అమ్మాయి మొహం మీద పడుతోందని." ఆమె గుడ్డ అక్కడే వదిలేసి మెట్లు దిగింది.

కింది తలుపు దగ్గర కాపలా మీసాలాయన చేతులు అడ్డంపెట్టాడు. "ష్! టేకు నడుస్తోంది."

"నీ టేకు తగలెయ్య. తప్పుకో!"

"నా ఉద్యోగం తియ్యకు తల్లీ. నీకు దండం పెడతా." మీసాలాయనకు చెమటతో మీసాలు జారిపోయి ఉన్నాయి. ఆ హాల్లో గాలన్నది లేదు.

తలుపుకున్న గాజు పలకలోంచి ఆమె చూసింది. ప్రకటన అమ్మాయి తొట్టి ముందు నిలబడి, తల పక్కకు వంచి, "నవ్వడానికి భయమెందుకు?" అని నవ్వుతోంది. బాగాలేదన్నారు. మళ్లీ నవ్వింది. వెంట్రుక పడిందన్నారు. మళ్లీ నవ్వింది. నవ్వి నవ్వి పాపం ఆ అమ్మాయి దవడలు నొప్పెట్టి చేత్తో రుద్దుకుంటోంది. పద్దెనిమిది టేకులు. వెనక తొట్టిలో నీలం చేప పైకొచ్చి నోరు తెరుస్తోంది, మూస్తోంది. కొమ్ములోడి కొమ్మల నుంచి జిగురు తీగలు తీగలుగా జారుతోంది. పగడానికి అంతకంటే గట్టిగా కేక పెట్టడం రాదు. గాజు పలక మీద చిటపటమ్మ ఊపిరి మసకలు కడుతోంది, ఆమె తుడుస్తోంది, మళ్లీ కడుతోంది.

రెండింటికి భోజనాలకు ఆపారు. తలుపు తెరుచుకోగానే ఆమె మీసాలాయన చంక కింద నుంచి దూరింది. ముప్పై ఒకటిన్నర.

మూత తీసి విసిరేసింది. ఫ్యాను తెచ్చి నీళ్ల మీదికి తిప్పింది. తొట్టి దీపాలు ఆర్పింది. ఏసీ మీట నొక్కమని కౌంటరు పిల్లను కసిరింది. పాపం ఆ పిల్ల అప్పటికే నొక్కేసింది. బీరువా తలుపు తీసి సీసాలు రెండు కింది తొట్టిలో వేసింది. పొద్దున తెచ్చినవాటిలో కింద మిగిలింది అంతే. మరి రెండయినా కావాలి, గంటకోసారి. పొద్దున్నే పై నర్సు ఫ్రిజ్ లో పెట్టిన ఆరు గడ్డకట్టే ఉన్నాయి.

"ఎవర్నీ ముట్టుకోనివ్వకు" అంది. "మెల్లగా దిగాలి. చీకటి పడేసరికి ఇరవై ఎనిమిదికి తెస్తా. బతుకుతాయి."

"నేనిక్కడే ఉంటా పిన్నీ."

మూడంతస్తులు ఎక్కి, నర్సు తాళంచెవి కోసం గదులన్నీ వెతికి, సీసాలు తీసుకుని దిగడానికి ఆమెకు ముప్పావుగంట పట్టింది. ఆ ముప్పావుగంటలో మేనేజరుకు బుద్ధి వికసించింది.

కళ్లద్దాలాయన భోజనం చేసి వచ్చి, నీళ్లలో ఆ తీగలేమిటి, ఇలాగయితే చివరి షాటు తియ్యనని అలిగాడట. మేనేజరు కొలత చూశాడు, మొదటిసారి. ఆమె చెప్పిన మాట గుర్తొచ్చింది. అందులో సగమే, వేడి చంపుతుందన్న సగం. మంచి మనసుతోనే పరిగెత్తాడు. పక్కన పళ్ల రసాల దుకాణం నుంచి రెండు పెద్ద డబ్బాల ఐసు ముక్కలు మోయించుకొచ్చాడు. ముట్టుకోవద్దంటున్న కౌంటరు పిల్లను, "నాకు చెప్పొస్తావా?" అని పక్కకు తోసి, చొక్కా చేతులు మడుచుకుని రెండు డబ్బాలూ తన చేతులతోనే తొట్టిలో కుమ్మరించాడు.

చిటపటమ్మ వచ్చేసరికి నీళ్ల మీద ఐసు ఇంకా తేలుతోంది. కౌంటరు పిల్ల ఏడుస్తోంది. మేనేజరు మొహం వెలిగిపోతోంది.

"చూశావా! నీ సీసాలతో సాయంత్రం దాకా పట్టేది. పావుగంటలో దించేశా. ఇరవై మూడు!"

సీసాలు ఆమె చేతుల్లోంచి జారి నేల మీద దొర్లాయి. కుర్చీ లాక్కుని, ఎక్కి, భుజాల దాకా చేతులు తొట్టిలో ముంచి, దోసిళ్లతో ఐసు తోడి నేల మీద పారబోయసాగింది. నీలం చేప అడుగున పక్కకు వాలి ఉంది. జోకరు చేపలు మూలకు చేరి ఒకదాన్నొకటి ఆనుకుని వణుకుతున్నాయి. ఆమె చేపల్ని ముందుగా కలిపి ఉంచుకున్న ఉప్పు నీళ్ల బకెట్టులోకి మార్చింది. నీలం చేప చాలాసేపటికి తోక కదిలించింది.

అప్పుడు దిగింది కుర్చీ మీదినుంచి.

"జ్వరమొచ్చిన పిల్లను తీసుకెళ్లి చన్నీళ్ల బావిలో తోస్తారా సార్?"

"అదేంటమ్మా! చల్లగా ఉండాలన్నావు కదా నువ్వే!"

"చల్లగా ఉండాలన్నా. గంటకు ఒక డిగ్రీ అని కూడా అన్నా. ఈ ఎనిమిది రోజుల్లో ఎన్నిసార్లన్నా? అద్దం మీద గీత చూడండి, ఎక్కడికొచ్చాయో నీళ్లు! ఉప్పంతా విరిగిపోయింది. తుడిచేదాని నోట్లోంచి వచ్చిన మాట కదా, సగం వింటే చాలనుకున్నారు. అదే మాట తెల్లకోటు వేసుకున్నవాడు చెప్పుంటే కాయితం మీద రాసుకుని ఉండేవారు!"

ఆమె గొంతు రెండో అంతస్తు దాకా వెళ్లింది. లోపల డ్రిల్లు ఆగిపోయింది. నోరు తెరిచి కుర్చీలో పడుకున్న ఎవరో అలాగే తలెత్తి చూశారట. మేనేజరు మడిచిన చొక్కా చేతులు మెల్లగా కిందికి దించుకున్నాడు. "నేను మంచికే చేశా" అన్నాడు. అది నిజమే. ఆమెకు ఇంకా మండింది అందుకే. కావాలని చేసినవాణ్ని అయితే చొక్కా పట్టుకోవచ్చు. ఈ మనిషిని ఎక్కడ పట్టుకోవాలి?

చెయ్యగలిగింది చెయ్యడానికి ఆమె మళ్లీ కుర్చీ ఎక్కింది. పల్చబడ్డ నీళ్లు కొన్ని తోడేసి, ఉప్పు కలిపిన నీళ్లు చెంబుతో కొద్దికొద్దిగా పోసింది. వేళ్లలా ఊగే పగడాలన్నీ ముడుచుకుని పిడికిళ్లయ్యాయి. అవి బతకొచ్చు, రేపు గానీ తెలియదు. నాలుగింటికి కొమ్ములోడి మొదలు దగ్గర తోలు లేచింది. కాగిన పాల మీద మీగడ లేచినట్టు, అంత మెత్తగా. నీటి వాలుకు ఒక పొర ఊడి, కాసేపు వేలాడి, తేలిపోయింది. దాని కింద తెలుపు. ఆ పక్కనే ఇంకో పొర. చప్పుడు లేదు. ఆమె చెంబు పట్టుకుని చూస్తూనే ఉంది. మొదలు నుంచి కొసలకు తెలుపు ఎక్కుతూ పోయింది. చివరికి వంగపండు రంగు ఒక్క కొస మీద మిగిలింది, ఆమె బొటనవేలంత మేర. కౌంటరు పిల్ల వచ్చి పక్కన నిలబడి, "పిన్నీ, ఏమైనా చెయ్యొచ్చా?" అంది. చిటపటమ్మ తల అడ్డంగా ఊపింది. ఐదు కొట్టేలోపే ఆ కొస కూడా ఊడిపోయింది. ఆమె కుర్చీ దిగి, నేల మీద ఐసు కరిగిన నీళ్లు తుడవడం మొదలుపెట్టింది. ఎవరైనా జారి పడతారు కదా.

ఐదింటికి దీపాలు మళ్లీ వెలిగాయి. ఈసారి చిన్న డాక్టరు స్వయంగా కెమెరా ముందుకు వచ్చాడు, తన మాట తను చెప్పడానికి. కోటు మీద మడత లేదు. నవ్వే అమ్మాయి కొత్తగా పౌడరు అద్దుకుని వచ్చి నిలబడింది. కళ్లద్దాలాయన కెమెరాలోంచి చూసి చప్పట్లు కొట్టాడు.

"అద్భుతం! పొద్దుటికంటే పదింతలు బాగుంది. నీళ్లు అద్దంలా ఉన్నాయి. ఆ మధ్యలో ఉన్నది చూడండి సార్, ఎంత తెల్లగా మెరుస్తోందో! అమ్మాయి పళ్లకు సరిగ్గా జోడీ కుదిరింది!"

చిన్న డాక్టరు అద్దం దగ్గరకు వెళ్లి వంగి చూశాడు. పళ్ల మనిషి కదా, తెలుపు కనపడితే వదలడు. కొమ్మ కొమ్మనూ కళ్లతో తడిమాడు. "నిజమే! కుర్చీలో రెండు గంటలు కూర్చోబెట్టి చేసినా ఇంత తెలుపు రాదు నాకు" అన్నాడు మురిసిపోతూ. అందరూ నవ్వారు. మేనేజరు మాత్రం తన బూట్లు చూసుకుంటున్నాడు. పక్కన గుడ్డతో మోకాళ్ల మీద ఉన్న మనిషి అప్పుడు కనపడింది చిన్న డాక్టరుకు.

"నువ్వేనా అమ్మా దీన్ని చూసుకునేది? పొద్దున ఇలా లేదే! ఏం పెట్టి తోమావు?"

చిటపటమ్మ గుడ్డ బకెట్టులో వేసి లేచి నిలబడింది.

"తోమలేదు సార్. చచ్చిపోయింది. అది దాని ఎముక."